మండల్ వైజ్ అంటే మండలం తెలివైందనా?

మొన్న ఆదివారం పొద్దున ఇంట్లోనే లాప్‌టాప్ ముందరేసుకుని ఆఫీసు షీట్ ఒకటి పూర్తి చేస్తా ఉన్నా, సోమవారం మీటింగ్ ఉంది, దానికి ముందే పంపియ్యాల. పైన హెడ్డింగ్ ఇంగ్లీషులో, మండల్ వైజ్ అబ్‌స్ట్రాక్ట్ అని. మా పాప ఆరో తరగతి, పక్కనే చాప మీద కూచోని ఇంగ్లీషు వ్యతిరేక పదాలు చదువుకుంటా ఉంది, వైజ్ ఫూలిష్, బ్రేవ్ కవర్డ్, రిచ్ పూర్, అట్ల రాగం తీసుకుంటా. ఉన్నట్టుండి తలెత్తి నా స్క్రీన్ వంక చూసి "నాయనా, వైజ్ అంటే తెలివైన అని మా మిస్సు చెప్పింది, మరి మండల్ వైజ్ అంటే మండలం తెలివైందనా?" అని అడిగింది.

నేను పన్నెండేళ్ళ నుంచి అనంతపురంలో ఇదే పని చేస్తున్నా. డివిజన్ వైజ్, మండల్ వైజ్, విలేజ్ వైజ్, క్రాప్ వైజ్, ఏ రిపోర్ట్ అడిగినా చివర ఒక వైజ్ ఉంటుంది. పాత జిల్లాలో 63 మండలాలు, 2022లో జిల్లా రెండుగా చీలినాక మాకు 31 మిగిలినాయి, ఆ వరసలన్నీ కిందికీ పైకీ చూసి చూసి కండ్లు నొప్పి పుట్టినాయి గానీ ఆ మాట ఆడ ఎందుకుందో ఒక్కసారి కూడా యోచన చెయ్యలేదు. "అది వేరే వైజ్ పాపా" అన్నా. "వేరే ఎట్లవుతుంది, స్పెల్లింగ్ అదే కదా" అనింది. నా దగ్గర జవాబు లేదు.

ఇంతలో వంటింట్లో నుంచి మా అమ్మ "వైసు గురించా? వైసొస్తే అన్నీ అవే తెలుస్తాయి లేమ్మా, ముందు ఉగ్గాని చల్లారిపోతాంది, వచ్చి తిను" అని కేకేసింది. ఆమెకు వినపడింది వయసు. నిజానికి మన నోట్లో వైజ్, వైస్, వైసు మూడూ దాదాపు ఒకే మాదిరి పలుకుతాయి. ఇంగ్లీషులో వైజ్ చివర్న వచ్చే శబ్దం మన జ కాదు, మన స కూడా కాదు, తుమ్మెద జుమ్మన్నట్టు ఉంటుంది, దానికి మనకు అక్షరం లేదు. అందుకని చానామంది వైస్ అనేస్తారు, అప్పుడది వైస్ ప్రిన్సిపాల్‌లో ఉండే వైస్ అయిపోతుంది, లేదంటే చెడు అలవాటు అనే అర్థం ఉండే వైస్ అవుతుంది. ఇంటర్వ్యూలకు పోయే పిల్లలు ఇది గమనించుకుంటే మంచిది, వైజ్ డెసిషన్ అనబోయి వైస్ అన్నామంటే మంచి నిర్ణయం కాస్తా చెడ్డ నిర్ణయం అయి కూచుంటుంది. ఇంకోటి, వైజ్ వెనకాల డమ్ చేరంగానే పలుకు మారిపోతుంది, విజ్‌డమ్ అనాల, వైజ్‌డమ్ కాదు.

సరే, పాప అడిగింది నన్ను వదల్లేదు. వారం రోజులు రాత్రి పూట భోజనం అయినాక ఈ మాట వెంట పడినా.

పాత ఇంగ్లీషులో తెలివికి సంబంధం లేకుండా వైజ్ అని ఇంకో మాట విడిగా ఉండేదంట. దానికి అర్థం రీతి, తీరు, పద్ధతి. ఏ వైజ్‌లో చేసినావు అంటే ఏ తీరున చేసినావు అని. ఇప్పుడు ఆ మాటను విడిగా ఎవరూ వాడరు, వేరే మాటలకు తోక మాదిరి అతుక్కుని మాత్రం బతికి ఉంది. అదర్‌వైజ్ అంటే ఇంకో తీరుగా అయితే, అందుకే మన లెక్కలో దానికి లేకపోతే అనే అర్థం వచ్చింది. లైక్‌వైజ్ అంటే అదే తీరున, అట్లే అని. క్లాక్‌వైజ్ అంటే గడియారం తిరిగే తీరున. ఈ క్లాక్‌వైజ్ దగ్గర కాసేపు ఆగినా, ఎందుకంటే గడియారం ముల్లు అటే ఎందుకు తిరగాల అనేదానికి కూడా ఒక కారణం ఉంది, భూమధ్యరేఖకు బాగా ఉత్తరాన ఉండే దేశాల్లో నేల మీద కట్టె నిలబెడితే పొద్దుతో పాటు దాని నీడ ఆ దిక్కునే తిరుగుతుంది, నీడ చూసి టైము చెప్పే అలవాటు ఉన్నోళ్ళు తర్వాత మిషను గడియారానికీ అదే దిక్కు పెట్టుకున్నారు. మా అమ్మకు క్లాక్‌వైజ్ అంటే తెలీదు గానీ గుడి చుట్టూ తిరిగేటప్పుడు ఒక్క అడుగు కూడా తప్పు దిక్కుకు వెయ్యదు. ప్రదక్షిణలో ఉండే దక్షిణం అంటే కుడి, దేవుడు ఎప్పుడూ మన కుడి చేతి పక్కన ఉండాల, అట్ల తిరిగితే అది క్లాక్‌వైజే.

మరి మండల్ వైజ్‌కు తెలుగేంది అంటే మనకు బ్రహ్మాండమైన మాట ఉండనే ఉంది, వారీ. మండలాల వారీగా, ఊర్ల వారీగా, పేపర్లో రోజూ చూస్తాం. అది కూడా మనది కాదు, పార్సీ, ఉర్దూల్లో నుంచి రెవెన్యూ కాగితాలతో పాటు వచ్చింది, కానీ ఎంత కలిసిపోయిందంటే ఇప్పుడు అది బయటి మాట అని ఎవరికీ అనిపించదు. ఇది తెలిసినాక నాకు చానా సంతోషమైన విషయం ఒకటి తట్టింది. చిన్నప్పుడు సోషల్‌లో రైత్వారీ పద్ధతి అని బట్టీ పట్టినాం కదా, జమీందారీ, రైత్వారీ, మహల్వారీ అని, ఆ రైత్వారీలో ఉండేది ఇదే వారీ. ఇంగ్లీషులో చెప్పాలంటే ఫార్మర్ వైజ్. 1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఇంగ్లీషోళ్ళకు ఇచ్చేసినాక దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఈడ పని చేసినాడు, మా అనంతపురంలో కూడా మకాం ఉండినాడు. మధ్యలో పెద్దమనుషులు లేకుండా పొలం పొలం కొలిచి, ఏ రైతుకు ఎంత శిస్తో నేరుగా ఆ రైతుతోనే తేల్చుకునే పద్ధతి ఆయనది. తర్వాత మద్రాసు గవర్నరై 1827లో మళ్ళీ ఈ జిల్లాల్లో తిరగను వచ్చి పత్తికొండలో కలరాతో చనిపోయినాడు. రెండొందల ఏండ్ల కింద రైతు వైజ్ లెక్కలు రాసిన ఊర్లో కూచోని నేను ఇప్పుడు మండల్ వైజ్ లెక్కలు టైప్ చేస్తున్నా అంటే, చేసే పని మీద గౌరవం కొంచెం పెరిగింది అని చెప్పాల.

ఇంక అసలు వైజ్, తెలివికి సంబంధించిన వైజ్.

దీని వేరు మన సంస్కృతం పక్క నుంచి చూస్తే బిర్నే అర్థమవుతుంది. చూడడం, తెలుసుకోవడం అనే అర్థం ఉండే ఒకే పాత వేరులో నుంచి సంస్కృతంలో విద్ ధాతువు వచ్చింది, దాంట్లో నుంచి విద్య, వేదం. అదే వేరు యూరప్ పక్కకు పోయి లాటిన్‌లో చూస్తున్నాను అనే అర్థంతో వీడియో అయింది, గ్రీకులో ఐడియా అయింది, ఇంగ్లీషులో వైజ్, విట్, విట్నెస్ అయింది. విట్నెస్ అంటే చూసి తెలిసినవాడు, సాక్షి. మన సాక్షిలో కూడా అక్షి ఉంది, కన్ను. విజార్డ్ అంటే ఇప్పుడు పిల్లలకు మంత్రగాడు గానీ మొదట్లో అది కూడా వైజ్ మనిషి అనే అర్థంతోనే పుట్టింది.

ఈడ నేను పాపకు చెప్పింది తప్పని తేలింది. వేరే వైజ్ అని చెప్పినా కదా, తీరు అనే అర్థం ఉండే ఆ వైజ్ కూడా ఇదే చూడడం అనే వేరులో నుంచే వచ్చిందంట. కంటికి కనపడే రూపం, అవతారం, అందులో నుంచి తీరు, పద్ధతి. అదే మాట ఫ్రెంచోళ్ళ నోట్లో పడి తిరిగి ఇంగ్లీషుకు గైజ్‌గా వచ్చింది, డిస్‌గైజ్ అంటే వేషం మార్చుకోవడం, ఆడ కూడా కంటికి కనపడే రూపమే. అంటే రెండు వైజ్‌లూ చానా దూరంలో ఒక అవ్వ పిల్లలే. బుధవారం రాత్రి పాపను లేపి చెప్దామనుకున్నా, మా ఆవిడ వద్దనింది.

మన తెలివి కథ దీనికంటే బాగుంటుంది, నాకైతే. ఇంగ్లీషు వైజ్ కంటి చూపులో నుంచి పుడితే మన తెలివి వెలుతురులో నుంచి పుట్టింది. తెలుపు అంటే రంగు, తెలుపు అంటే చెప్పు, తెలియజెయ్యి. తెల్లవారడం అంటే వెలుగు రావడం. తేటతెల్లం, తెలివితేటలు. తెల్ల, తెలి, తెలివి అన్నీ ఒక్క ఇంటివే. మాకు కర్ణాటక పక్కనే కాబట్టి ఇంకో రుజువు రోజూ చెవిన పడుతుంది, కన్నడలో తిళి అంటే తెలుసుకో, తిళి నీరు అంటే తేట నీళ్ళు. తమిళంలో తెళివు అన్నా తేటదనమే. అంటే మన పాతోళ్ళ దృష్టిలో తెలివి అనేది కొత్తగా ఏదో తెచ్చి నింపుకునేది కాదు, ఉండే నీళ్ళే తేటపడడం. మా జేజి కుంట నీళ్ళు తెచ్చినప్పుడు కుండ లోపల చిల్లగింజ అరగదీసి పెట్టేది, కదపొద్దు అని మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు, కొంతసేపటికి మడ్డి అంతా అడుక్కు దిగి పైన అద్దం మాదిరి నీళ్ళు. తెలివి అనే మాట విన్నప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ కుండే గుర్తొస్తుంది. ఎవరన్నా కండ్లు తిరిగి పడిపోయి లేస్తే కూడా తెలివొచ్చింది అంటాం కదా, అదే తేటపడడం.

పార్సీ పక్క నుంచి వచ్చిన హుషారు కూడా ఈ జాబితాలోదే. హోష్ అంటే తెలివి, స్పృహ. కోస్తా పక్క హుషారు అంటే సరదా, ఉత్సాహం. మా పక్క పెద్దోళ్ళు "రోడ్డు మీద ఉషారుగా పో" అంటే జాగ్రత్తగా పో అని, అసలు అర్థానికి దగ్గరగా ఉండేది ఇదే.

అయితే తెలివి అన్నంత మాత్రాన వైజ్ కాదు, పాప పుస్తకంలో అట్ల రాసినారు గానీ. దొంగకు కూడా తెలివి ఉంటుంది. మాటతో ఊరంతా ముంచేవాడికి ఇంకా ఎక్కువుంటుంది. అందుకే మనమే తెలివి ఎక్కువైంది, అతితెలివి, పెద్ద తెలివిగలోడు వచ్చినాడు అని తిట్లు పెట్టుకున్నాం, అమెరికావోళ్ళు వైజ్ గై అనేది కూడా ఇట్లాంటి వాణ్ణే. ఐయామ్ వైజ్ టు యువర్ ట్రిక్స్ అంటే నీ ఎత్తులు నాకు తెలిసిపోయినాయి అని, ఆడ కూడా గొప్పతనం ఏమీ లేదు. ఎ వర్డ్ టు ది వైజ్ అనేది మాత్రం మంచి పక్క నిలబడే వాడుక, తెలిసినోడికి ఒక్క మాట చాలు అని, మన పల్లెల్లో మంచి గొడ్డుకొక దెబ్బ మంచి మనిషికొక మాట అంటారు చూడండి, అచ్చంగా అదే.

వైజ్ అనే గుణానికి మన దగ్గర అన్నిటికంటే దగ్గరి మాట వివేకం అని నా అభిప్రాయం. దాని వేరు విచ్, వేరుచెయ్యడం, ధాన్యం చెరిగి పొట్టు వేరుచేసే పనికి వాడే మాట. చేటలో పోసి ఎగరేస్తే గట్టి గింజ చేటలో పడుతుంది, తాలు గాలికి పోతుంది. తెలివికి నీళ్ళకుండ, వివేకానికి చేట. తేటగా కనపడినా సరిపోదు, ఏది ఉంచుకోవాల ఏది వదిలెయ్యాల అనేది చెయ్యి చెప్పాల.

ఇది రాసేటప్పుడు నా మనసులో ఉండేది మా నాయన.

2003 ఎండాకాలం. నార్పల పక్క మా ఊర్లో మాకు మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి, మూడొందల చెట్లు, ఏడేండ్ల వయసు, కాపు పట్టి రెండేండ్లు అయింది. వానలు లేవు. మా జిల్లాలో మామూలు ఏడు 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది వాన, ఆ ఏండ్లల్లో అదీ పడలేదు. పాత బోరు ఎండిపోయింది. రెండో బోరు వేయించినాడు, 320 అడుగులు, దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. మూడోది 400 అడుగులు, ఇంచున్నర నీళ్ళు పడినాయి, అమ్మ పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది, నెల తిరక్కముందే మోటారు గాలి పీల్చింది. అప్పటికే అప్పు మెడ దాకా వచ్చింది. నేల కింద నీళ్ళు ఏడున్నాయో చూసి బోరుకు పాయింట్ పెట్టే ఆయప్ప మళ్ళీ వచ్చినాడు, అరిచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని తోట అంతా తిరిగితే తూర్పు మూల దగ్గర టెంకాయ లేచి నిలబడింది, మేమంతా కళ్ళారా చూసినాం. బోరు బండి పక్క ఊర్లోనే ఉంది, రాత్రికే రమ్మంటే వస్తాది. వడ్డీకి ఇచ్చే ఆయన ఇంటికొచ్చి కూచున్నాడు. చిన్నాయన, మామ, అందరూ వేయమనే చెప్పినారు, మూడొందల చెట్లు కండ్ల ముందర చస్తా ఉంటే ఎవరైనా ఏం చెప్తారు.

నాయన వద్దన్నాడు.

వారం తర్వాత చెట్లు కొట్టించి కట్టెలకు అమ్మేసినాడు. వానలు కొంచెం మొదలైనాక ఆ నేలలో కందులూ కొర్రలూ చల్లినాడు. అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఊర్లో పిరికోడు అన్నారు, బిడ్డల మాదిరి పెంచి చేతులారా చంపుకున్నాడు అన్నారు. నేను ఇంటర్ చదువుతా ఉన్నా, నాకు సిగ్గు, కోపం, నాయనతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

మా చిన్నాయన అదే ఏడు ఆయన చేలో బోరు వేయించినాడు, నీళ్ళు కూడా పడినాయి, కానీ ఖర్చు తగ్గుతుందని కేసింగ్ పైపు గట్టి రాయి దాకా దింపకుండా రెండు పైపులు మిగుల్చుకున్నాడు. పై మన్ను జారి బోరు పూడిపోయింది, మోటారు కూడా లోపలే ఇరుక్కుపోయింది. పైసల దగ్గర తెలివి, రూపాయల దగ్గర తెలివితక్కువ అని ఇంగ్లీషులో పెన్నీ వైజ్ పౌండ్ ఫూలిష్ అంటారే, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఏ గ్రామర్ పుస్తకంలోనూ కనపడలేదు. ఆయన తెలివి తక్కువోడు కాదు, లెక్కల్లో నాయన కంటే మెరుగు. తర్వాత ఇంకో నాలుగు బోర్లు వేసినాడు. ఇప్పుడు బెంగళూరులో సెక్యూరిటీ పని చేస్తా ఉన్నాడు, చేను లేదు.

నేను చెప్పేది ఏందంటే, నాయన వేయించని ఆ నాలుగో బోరులో నీళ్ళు పడి ఉండొచ్చు కూడా. ఎవరికి తెలుసు. నీళ్ళు పడవని ఆయనకు ముందే తెలిసి ఉంటే అది జ్యోతిష్యం, దానికి వైజ్ అనే మాట అక్కర్లేదు. పడొచ్చు పడకపోవచ్చు అని తెలిసి, చేతిలో ఉండే నేలనూ ఇంట్లో ఉండే ముగ్గురు పిల్లలనూ ఒక పక్క పెట్టి, ఆ ఆశను తాలు మాదిరి గాలికి వదిలేసినాడు చూడండి, దానికి క్లెవర్ సరిపోదు, స్మార్ట్ సరిపోదు, ఇంటెలిజెంట్ సరిపోదు. ఇంగ్లీషులో నాకు తెలిసిన మాటల్లో వైజ్ ఒక్కటే సరిపోతుంది. పర్సనల్‌గా నేను ఆ మాటను ఊరికే ప్రతి దానికీ వాడడం మానేసినా, ఆఫర్లో ఫోన్ కొన్నందుకు వైజ్ డెసిషన్ అని మెసేజ్ వస్తే డిలీట్ చేసేస్తా.

శనివారం ఊరికి పోయినాం. నాయనకు ఇప్పుడు డెబ్బై రెండు. అరుగు మీద కూచోని చేటలో బుడ్డలు, అంటే వేరుశెనక్కాయలు, పోసుకుని ఒలుస్తా ఉన్నాడు, విత్తనానికి. పాప పక్కన కూచోని తనూ ఒలవడం మొదలుపెట్టింది, రెండు వైజ్‌లు ఒక అవ్వ పిల్లలే అనే కథ అంతా తాతకు చెప్పింది, నేను చెప్పినదాని కంటే బాగా చెప్పింది. నాయన విని "అయితే మండలాలకూ తెలివుందన్నమాట" అన్నాడు.

అప్పుడు అడిగినా, ఇరవై ఏండ్లకు పైగా అడగనిది. "నాయనా, ఆ రోజు అందరూ వేయమన్నా నువ్వెందుకు వద్దన్నావు? నీళ్ళు పడవని నీకెట్ల తెలుసు?"

"పడవని నాకేం తెలుసురా" అన్నాడు చేట వైపే చూస్తా. "మూడు సార్లు లేచిన దుమ్ము కండ్లకు కనపడ్తానే ఉండె కదా."

ఒక పుచ్చు గింజ చేతికి తగిలింది, తీసి కోడి ముందర వేసినాడు.